ముక్కలైన బొమ్మలో మూడ్‌ని ఎలా పట్టుకోవాలి, అర్థం దాకా ఎలా వెళ్లాలి

క్యూబిస్టు బొమ్మ, అంటే వస్తువుల్ని ముక్కలు చేసి ఒకేసారి పలువైపుల నుంచి చూపించే బొమ్మ, ఎదురుపడగానే చాలామంది ముక్కు ఎక్కడుంది, గిటార్ ఎక్కడుంది అని వెతుకులాట మొదలుపెడతారు. దొరికితే సంబరం, దొరక్కపోతే విసుగు. రెండు సందర్భాల్లోనూ బొమ్మను చూడటం అక్కడితో ఆగిపోతుంది. కాస్త చదువుకున్నవాళ్లు చేసే తప్పు ఇంకొకటుంది. ముక్కలు కనిపిస్తే చాలు, "ఆధునిక మనిషి ఛిద్రమైన మనసు" అని రాసేస్తారు. ఆ వాక్యం ఏ క్యూబిస్టు బొమ్మ కింద పెట్టినా సరిపోతుంది. అందుకే అది దేనికీ పనికిరాదు.

ముక్కలు చేయడం ఒక పద్ధతి మాత్రమే. దానికంటూ సొంత మూడ్ లేదు. పికాసో 1911-12 చలికాలంలో వేసిన "మా జోలీ" (తీగలవాద్యం పట్టుకున్న స్త్రీ బొమ్మ) ముక్కలే, 1937లో ఒక ఊరి మీద బాంబు దాడి జరిగాక వేసిన "గెర్నికా" కూడా ముక్కలే. మొదటి దాంట్లో సన్నటి నవ్వు ఉంది, రెండోది కేక. ఆ తేడా కాన్వాస్ మీద సరిగ్గా ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగితే, అర్థం గురించి మాట్లాడే అర్హత వచ్చినట్టే. ఈ రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి పద్ధతి చూద్దాం. మొదటిది న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉంది, రెండోది మాడ్రిడ్‌లోని రెయినా సోఫియా మ్యూజియంలో.

కావలసినవి

రెండు బొమ్మలకీ ఏ4 సైజు కలర్ ప్రింట్లు, నాలుగు ట్రేసింగ్ పేపర్లు, ఒక మెత్తని పెన్సిల్, ఒక గట్టి పెన్సిల్, నల్ల అట్టతో కత్తిరించిన రెండు "ఎల్" ఆకారాలు. ఈ అట్టల్ని ఎదురెదురుగా జరుపుతూ బొమ్మలో ఏ భాగాన్నయినా చట్రం కట్టి విడిగా చూడొచ్చు. ఫోన్ స్క్రీన్ మీద మాత్రం ఈ పని చేయకండి. వేళ్లతో జూమ్ చేస్తుంటే మొత్తం పొందిక కళ్ల ముందు నుంచి తప్పుకుంటుంది, మూడ్ ఉండేది ఎక్కువగా ఆ పొందికలోనే. చిన్న వివరాలు చూడాల్సి వచ్చినప్పుడు రెయినా సోఫియా వాళ్ల వెబ్‌సైట్‌లో గెర్నికాను చాలా దగ్గరగా చూసే వీలుంది. అయితే అది చివర్లో. ఒక్కో బొమ్మకి నలభై నిమిషాలైనా కేటాయించండి.

1. పేరు చదవకుండా రెండు నిమిషాలు

పేరు, సంవత్సరం, వివరణ ఏదైనా ఉంటే కాగితంతో మూసేయండి. రెండు నిమిషాలు ఊరికే చూసి ఐదు మాటలు రాయండి. కనీసం మూడు క్రియలుండాలి: కూలుతోంది, ఊగుతోంది, దాక్కుంటోంది, పొడుస్తోంది. "విషాదం", "గందరగోళం" లాంటి నామవాచకాలు రాస్తే అక్కడే తలుపు మూసుకుపోతుంది. క్రియ రాస్తే మాత్రం "ఏది కూలుతోంది? ఎటువైపు?" అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ఈ ఐదు మాటల్నీ కొట్టేయకండి, ఆఖర్న వీటితో పని ఉంది.

2. అసలు కొలత గోడ మీద గుర్తు పెట్టుకోండి

ప్రింటు చేసే పెద్ద మోసం ఇదే. రెండు బొమ్మలూ ఒకే సైజులో కనిపిస్తాయి. "మా జోలీ" అసలు ఎత్తు సుమారు 100 సెంటీమీటర్లు, వెడల్పు 65. గెర్నికా ఎత్తు సుమారు 3.49 మీటర్లు, వెడల్పు 7.77 మీటర్లు. మన ఇళ్లలో స్లాబు ఎత్తు మామూలుగా పది అడుగులు. గెర్నికాకి పదకొండున్నర కావాలి, అంటే ఇంట్లో నిలబెట్టడానికి కూడా వీలుపడదు. ఏ4 కాగితం మీద అది ఇరవై ఆరో వంతుకు కుదించుకుపోతుంది.

టేపుతో గోడ మీద ఒక మీటరు ఎత్తు, రెండడుగుల వెడల్పు గుర్తు పెట్టి దాని ముందు నిలబడండి. ఒక మనిషితో ముఖాముఖి కూర్చున్నంత దూరంలో చూడాల్సిన బొమ్మ అది. గెర్నికా కోసం పాతికడుగుల గోడ ఊహించుకోండి. దాన్ని ఒక్క చూపులో పట్టుకోవాలంటే వెనక్కి నడవాలి, వివరం కావాలంటే దగ్గరికి రావాలి, రాగానే మిగతా సగం కళ్లకు అందదు. ఒకటి ఏకాంతంలో మాట్లాడేది, ఇంకొకటి సభలో మాట్లాడేది. గెర్నికా నిజంగానే సభ కోసం వేసింది: 1937 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వ పెవిలియన్ కోసం.

3. కళ్లు చికిలించి మూడు వన్నెలు దించండి

కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి వెలుగునీడల ముద్దలు మిగులుతాయి. ట్రేసింగ్ పేపరు మీద మూడే వన్నెలు వేయండి: నలుపు, మధ్యస్థం, తెలుపు. పది నిమిషాలు మించి పట్టిందంటే మీరు వస్తువుల బొమ్మ గీస్తున్నారని అర్థం.

"మా జోలీ" దించితే కాగితమంతా మధ్యస్థమే వస్తుంది. గోధుమ, ఊదా బూడిద రంగుల పలకలు మధ్యలో దట్టంగా ఉండి అంచుల వైపు పలచబడతాయి. వెలుగు ఒక దిక్కు నుంచి రాదు, ఒక్కో పలకకీ దాని వెలుగు దానిదే. గెర్నికా దించితే వేరే సంగతి. తెల్లటి ముక్కలన్నీ కలిసి నడిమధ్యన పెద్ద త్రికోణంగా లేస్తాయి. ఎడమ మూల నేల మీద చాచిన చెయ్యి ఒక కొస, కుడి మూల పరుగెత్తే స్త్రీ పాదం ఇంకో కొస, పైన నూనె దీపం శిఖరం. ఇంత అల్లకల్లోలమైన బొమ్మ కూలిపోకుండా పట్టుకున్నది ఈ త్రికోణమే. "గందరగోళం" అని రాసుకున్నవాళ్లు ఇక్కడ ఆ మాట దిద్దుకోవాలి. గందరగోళంలో ఉన్నది మనుషులు. కూర్పు లెక్క ప్రకారం ఉంది.

4. అంచుల వెంట పెన్సిల్ నడపండి

ఒక్క మెట్టు మాత్రమే చేసే తీరిక ఉంటే ఇదే చేయండి.

"మా జోలీ"లో ఏదైనా ఒక పలక ఎంచుకుని దాని అంచు వెంట పెన్సిల్ నడపండి. అంచు స్పష్టంగా ఉన్నచోట గట్టి గీత, కరిగిపోయినచోట చుక్కలు. రెండు వైపులా పదునుగా ఉన్న పలక మూడో వైపు పక్క పలకలోకి జారిపోతుంది. ఎక్కడ జారిందో కచ్చితంగా చెప్పలేరు. అంతకుముందు తరం ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ దగ్గర పికాసో, అతనితో కలిసి క్యూబిజం మొదలుపెట్టిన బ్రాక్ ఇద్దరూ నేర్చుకున్న పని ఇది. దీనివల్ల చూపు ఎక్కడా ఆగదు. మనిషి ఎక్కడ అయిపోయింది, చుట్టూ ఉన్న గాలి ఎక్కడ మొదలైంది అన్న గట్టు ఉండదు. అంటే ఇక్కడ శరీరం పగల్లేదు. పలుచోట్ల నుంచి, పలుసార్లు చూసిన చూపులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అందుకే అన్ని ముక్కలున్నా భయం వేయదు.

అదే పని గెర్నికాలో చేయండి. చుక్కలు పెట్టే అవకాశం దాదాపు రాదు. ఆకారాలు మూసుకునే ఉంటాయి, తెలుపు పక్కనే నలుపు, మధ్యలో మెత్తదనం లేదు. నేల మీద పడ్డ సైనికుడి చెయ్యి అయిపోయినచోట తెగిపోయినట్టే అయిపోతుంది.

ఇప్పుడు ఇంకొంచెం దగ్గరికి జరగండి. రెండు పెన్సిళ్లతో రెండు జాబితాలు: పదునైనవి గట్టి పెన్సిల్‌తో, మెత్తనివి మెత్తని పెన్సిల్‌తో. మెత్తనివి చాలానే దొరుకుతాయి: ఉబ్బిన అరచేతులు, లావుపాటి వేళ్లు, పరుగెత్తే ఆమె బరువైన మోకాలు, వెనక్కి వేలాడిన బిడ్డ తల. మరి పదునైనవి? గుర్రాన్ని చీల్చిన ఈటె ఉంది. సైనికుడి చేతిలో కత్తి ఉంది కానీ అది విరిగిపోయింది. తర్వాత తల్లి నోట్లోకి చూడండి. నాలుక మేకులా మొనదేలి ఉంటుంది. గుర్రం నాలుకా అంతే. ఎద్దుకీ గుర్రానికీ మధ్య చీకట్లో, బల్ల మీద, కనీకనిపించకుండా ఉన్న పక్షి ముక్కు కూడా పైకి తెరుచుకున్న మొన. ఆయుధం విరిగిపోయింది, పదును బాధపడేవాళ్ల నోళ్లలోకి చేరింది. కేక వినిపిస్తున్నట్టు అనిపించడానికి కారణం ఈ ఆకారమే. "చాలా శక్తివంతమైన చిత్రం" అనడానికీ, ఈ నాలుకను చూపించి మాట్లాడటానికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసం మొత్తం.

5. ఆనవాళ్లు: నాలుగైదు దొరికితే ఆపేయండి

వస్తువుల్ని వెతకడం తప్పు కాదు, కాకపోతే దాని వంతు ఇప్పుడు వస్తుంది. "మా జోలీ"లో కింది నుంచి పైకి వెళ్లండి. అడుగున పెద్ద అక్షరాల్లో పేరు, దాని దగ్గర సంగీతం రాసేటప్పుడు వాడే పాశ్చాత్య గుర్తు. దానికి పైన, మధ్యలో, తీగలు కట్టిన త్రికోణం. తీగల కింద నాలుగు వేళ్లు. కుడివైపుకి పొడుచుకొచ్చిన మోచెయ్యి. పై సగంలో నవ్వులాంటిదేదో ఒకటి. అంతే. మిగతా పలకలన్నింటికీ పేర్లు పెట్టాలని కూర్చుంటే రాత్రవుతుంది, ఫలితమూ ఉండదు. ఆ పలకలు వస్తువులుగా విప్పడానికి వేసినవి కావు.

ఇక్కడ అట్ట ముక్కతో ఒక పరీక్ష. కింద ఉన్న అక్షరాల్ని మూసేయండి. బొమ్మ వెంటనే బరువెక్కుతుంది, గంభీరమైపోతుంది. మళ్లీ తెరవండి. "మా జోలీ" అంటే ఫ్రెంచిలో "నా అందగత్తె". ఆ రెండు మాటలు అప్పట్లో జనం నోళ్లలో నలిగిన ఒక పాట పల్లవిలోవి, పికాసో తన ప్రేయసి మార్సెల్ అంబేర్‌ని పిలుచుకున్న ముద్దుపేరు కూడా. ఇంత కష్టంగా విప్పుకోవాల్సిన బొమ్మ కింద వీధిపాట మాట రాయడం కొంటెతనం. ఆ కొంటెతనం లెక్కలోకి రాకపోతే మూడ్ తప్పుతుంది.

గెర్నికాలో ఆనవాళ్లకు కొదవ లేదు కాబట్టి అక్కడ ప్రశ్న మార్చండి: ఏవి లేవు? విమానం లేదు. బాంబు లేదు. శత్రువు లేడు. రక్తం రంగు లేదు. దాడి జరిగిన ఊరి పేరు పెట్టుకున్న బొమ్మలో దాడి చేసినవాడే లేడు.

6. దిక్కు, చోటు

ప్రతి తల ఎటు చూస్తోందో ఒక బాణం గీయండి. గెర్నికాలో కుడివైపు స్త్రీలు ఎడమకు వస్తున్నారు. గుర్రం తల ఎడమకే తిరిగింది. మిగిలినవి ఎక్కువగా పైకి. మనకి ఎడమ నుంచి కుడికి చదివే అలవాటు. చూపు అటు వెళ్తుంటే బొమ్మ మొత్తం ఎదురొస్తుంది. ఇది చెప్పినంత చిన్న విషయం కాదు. ప్రింటును అద్దంలో తిప్పి చూడండి, ఊపు మారిపోతుంది.

చోటు సంగతి: ఇది ఇంటి లోపలా, బయటా? ఎడమవైపు బల్ల ఉంది, పైన కరెంటు బల్బు వెలుగుతోంది, అంటే గది. కుడివైపు ఇంటి కప్పు, కిటికీలోంచి బయటకు చాచిన చెయ్యి, మంటలు, అంటే వీధి. రెండూ ఒకే నేల మీద. "పికాసో దృక్కోణాన్ని భగ్నం చేశాడు" అని పాఠ్యపుస్తకం పద్ధతిలో రాసి వదిలేయకుండా, దాన్ని విషయంతో కలపండి. గోడ కూలితే లోపలికీ బయటికీ తేడా ఉండదు.

7. రంగు నిఘంటువు పక్కన పెట్టండి

ఎరుపంటే కోపం, నీలమంటే దిగులు అన్న లెక్క ఈ బొమ్మల దగ్గర బోల్తా కొడుతుంది. పికాసో అదే 1937 అక్టోబర్‌లో వేసిన "ఏడుస్తున్న స్త్రీ" లండన్‌లోని టేట్ సేకరణలో ఉంది. ఎర్ర టోపీ, దానికి నీలిపువ్వు, ముఖం మీద పచ్చ, పసుపు, ఊదా. పండగ రంగులే. కానీ నోటి దగ్గర రుమాలు తెల్లగా, చల్లగా, పగిలిన గాజులా మొనలు తేలి ఉంటుంది. ఆమె పట్టుకున్నది గుడ్డో, గాజు పెంకో అన్నట్టు. మూడ్‌ని నిర్ణయించేది ఆ పచ్చదనం ఒక్కటే కాదు, ఆ మొనల పక్కన అది ఎంత కఠినంగా మెరుస్తోంది అన్నది. ప్రింటును నలుపు తెలుపులోకి మార్చి చూడటం మంచి పరీక్ష. "మా జోలీ"లో అలా చేస్తే వెచ్చదనం పోతుంది. గెర్నికాలో ఎంతో మారదు, అది ముందే నలుపు, తెలుపు, కాస్త నీలం తగిలిన బూడిద రంగుల్లో ఉంది.

8. ఇప్పుడు పేరు, తేదీ, చరిత్ర

మూసిన కాగితం తీయండి. 1937 ఏప్రిల్ 26న, స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ మీద తిరగబడ్డ సైనికాధికారి ఫ్రాంకో పక్షాన జర్మన్ వైమానిక దళం కాండర్ లీజియన్, ఇటలీ విమానాలు బాస్క్ ప్రాంతంలోని గెర్నికా ఊరి మీద బాంబులు కురిపించాయి. పారిస్‌లో ఉన్న పికాసో మే 1న స్కెచ్‌లు మొదలుపెట్టి జూన్ మొదట్లో ముగించాడు. ఆ మధ్య కాన్వాస్ మారుతూ వచ్చిన దశల్ని డోరా మార్ ఫొటోలు తీసింది. అర్థం వెతికేవాడికి ఇంతకంటే విలువైన సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది, ఎందుకంటే చిత్రకారుడు ఏమేం వద్దనుకున్నాడో అందులో ఉంది.

మొదటి దశల్లో పడిపోయిన సైనికుడి చెయ్యి పిడికిలి బిగించి పైకి లేచి ఉంది. ఎత్తిన పిడికిలి అప్పటి రిపబ్లికన్ల వందనం. తర్వాత ఆ పిడికిట్లోకి ధాన్యపు కంకులు, వెనక సూర్యబింబం వచ్చాయి. ఆ తర్వాత చెయ్యే పోయింది. సూర్యుడు ఉన్న చోట కన్ను ఆకారం, అందులో బల్బు మిగిలాయి. రంగుల డిజైన్ కాగితాలు కూడా కాన్వాస్ మీద పెట్టి చూసి తీసేశాడు. దీన్నిబట్టి ఒక మాట గట్టిగా అనొచ్చు: గెలుపు నినాదాన్ని చేతిలోకి తీసుకుని, ఆలోచించి, వదిలేసిన బొమ్మ ఇది. ఆశ పూర్తిగా పోయిందా అంటే, విరిగిన కత్తి పట్టుకున్న పిడికిలి పక్కన సన్నటి పువ్వు ఒకటుంది. పిడికిలి ఎంత పెద్దది, పువ్వు ఎంత చిన్నది అన్న నిష్పత్తిలోనే జవాబు చూసుకోవాలి.

చరిత్రను వెనక్కి పూయకండి. మార్సెల్ అంబేర్ 1915లో చనిపోయింది. అది తెలిసినవాళ్లు "మా జోలీ"లో మృత్యుఛాయలు చూసేస్తుంటారు. బొమ్మ అంతకు మూడేళ్ల ముందే పూర్తయింది. అలాగే గెర్నికా నమూనాతో నేసిన వస్త్రచిత్రం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి గది బయట ఉంది. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ చర్చ సమయంలో దానికి తెర కప్పారు. ఇది చాలా చెప్పే సంగతే, కానీ బొమ్మకి తర్వాత చేరిన అర్థం. నోట్సులో దానికి వేరే వరస పెట్టండి.

9. అర్థం రాయడం

మూడు గడులు గీయండి: కనిపించింది, అనిపించింది, అందువల్ల ఇలా అనుకోవచ్చు. మొదటి గడి ఖాళీగా ఉంటే మూడోది రాయకూడదు. ఎదురుగా నమ్మకం ఎంతో రాయండి: గట్టిది, బహుశా, ఊహ.

గుర్రాన్ని తీసుకోండి. కనిపించింది: ఒంటి నిండా వరసలు వరసలుగా చిన్న నిలువు గీతలు. అనిపించింది: ముద్రించిన అక్షరాల వరసలు. అనుకోవచ్చు: వార్తాపత్రికల ద్వారా, నలుపు తెలుపు ఫొటోల ద్వారా చేరిన దుర్వార్త. ఇది చాలామంది చేసే వ్యాఖ్యానం, బావుంది కూడా. కానీ అవే గీతలు గుర్రపు వెంట్రుకలు కూడా కావచ్చు. కాబట్టి "బహుశా".

ఎద్దు దగ్గరే అందరూ జారిపడతారు. ఎద్దంటే ఫాసిజం, గుర్రమంటే ప్రజలు అని లెక్క తేల్చేస్తారు. పికాసో 1945లో ఒక ఇంటర్వ్యూలో ఎద్దు ఫాసిజం కాదని, క్రూరత్వం, చీకటి అని చెప్పాడు. రెండేళ్ల తర్వాత ఎద్దు ఎద్దే, గుర్రం గుర్రమే అన్నట్టు మాట్లాడాడు. చిత్రకారుడి మాట కూడా ఒక సాక్ష్యమే తప్ప తీర్పు కాదు. ఎద్దు ఏం చేస్తోందో రాయండి: ఎవర్నీ పొడవట్లేదు. బిడ్డను మోస్తున్న తల్లి మీదుగా, తల వెనక్కి తిప్పి నిలబడింది. చుట్టూ అందరూ అల్లాడుతుంటే దెబ్బ తగిలిన జాడ దానికి లేదు. దీన్నుంచి "పట్టించుకోని బలం" అనొచ్చు, "కాపలా" అనొచ్చు. రెండూ రాయండి. బొమ్మ తేల్చనిది మీరు తేల్చక్కర్లేదు.

ఆఖర్న మొదటి మెట్టులో రాసిన ఐదు మాటలు తీయండి. ఒక్కోదానికీ కాన్వాస్ మీద కనీసం రెండు చోట్ల ఆధారం చూపించగలగాలి. చూపించలేని మాట మీ మూడ్, బొమ్మది కాదు. కొట్టేయండి.

చేతికి అలవాటు కావడానికి

చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న, పికాసో వేసిన చిత్రాల వ్యాపారి కాన్‌వైలర్ చిత్రం (1910) ఐదో మెట్టుకి మంచిది. జుట్టు వంపు, వాచీ గొలుసు, ఒకదానిలో ఒకటి కలిపిన చేతులు దొరికితే చాలు. మన దేశంలో గగనేంద్రనాథ్ ఠాగూర్ 1920లలో కలకత్తాలో వేసిన క్యూబిస్టు ధోరణి బొమ్మల మీద నాలుగో మెట్టు చేయండి. పలకలు పదునుగానే ఉంటాయి, కానీ వెలుగు వాటిలోంచి జారుతూ పోతుంది. ముక్కలు అక్కడ కలను కట్టడానికి వాడారు, పగలగొట్టడానికి కాదు.

ఇవయ్యాక 1921 నాటి "ముగ్గురు సంగీతకారులు" పట్టుకోండి. పికాసో రెండు రూపాలు వేశాడు, న్యూయార్క్‌ది తీసుకోండి. అందులో సాక్ష్యాలు పోట్లాడుకుంటాయి. వేషాలు రంగురంగులు, కాగితం కత్తిరించి అతికినట్టు చదునుగా, సరదాగా ఉంటాయి. గది మాత్రం చీకటి గోధుమరంగు పెట్టె. చేతులు మనుషులకు తగనంత చిన్నవి. ముసుగుల వెనక ముఖాలు చిక్కవు. కింద నీడలో ఒక కుక్క. "ఉల్లాసం" అని రాస్తే గది అడ్డం తిరుగుతుంది, "భయం" అని రాస్తే వేషాలు ఒప్పుకోవు. మూడ్‌కి ఒకే మాట వెతక్కండి. "కానీ"తో కలిపిన రెండు మాటలు రాసి, ఏ మాట కాన్వాస్‌లో ఏ భాగానికి చెందిందో ట్రేసింగ్ పేపరు మీద గుర్తు పెట్టండి.